మా పందులకు కాటా వచ్చిన రోజు

మా చిన్నాన్న మనవడు రవి పందుల ఫారం పెట్టాడు. పెట్టుకుంటే పెట్టుకున్నాడు, రిబ్బను కత్తిరించడానికి నన్ను రమ్మన్నాడు. ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన నా చేతికి ఇంతవరకూ ఏ సభలోనూ ఎవరూ కత్తెర ఇవ్వలేదు. చివరికి ఆ గౌరవం పందుల దగ్గర దక్కింది. ఫోన్లో వాడు చెప్పిన కారణం ఇంకా బాగుంది. "అత్తా, మన వంశంలో ఈ యాపారం మొదలెట్టింది మీ అమ్మే కదా. నువ్వొస్తే బాగుంటాది. తాత కూడా అదే అంటన్నాడు" అన్నాడు. మన వంశం అట! మా అమ్మ పందుల్ని పెంచిన రోజుల్లో ఆ వంశమంతా మా గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకునే వెళ్ళింది. ఆ వంశానికి పెద్ద, వాడు చెప్పిన తాత, అంటే మా చిన్నాన్న, అందరికంటే పొడుగు తువ్వాలు వాడాడు.

పిలుపు కార్డు కూడా అచ్చు వేయించాడు మావాడు. పైన వినాయకుడు, కింద తెల్ల పంది ఫోటో, పక్కనే సూటు వేసుకున్న వాడి ఫోటో. ఆ కార్డు పట్టుకుని నెల్లిమర్లలో బస్సు దిగి ఆటో ఎక్కాను. ఊరు దగ్గరపడేసరికి చంపావతి నది వైపు నుంచి గాలి కొట్టింది. ఆ గాలిలో పులిసిన కుడితి వాసన. తవుడు, హోటలు మెతుకులు, కుళ్ళిన కూరగాయ తొక్కలు కలిసి ఒక రాత్రి నానితే వచ్చే వాసన అది. ఆటో అబ్బాయి మొహం చిట్లించి "ఏటండీ ఈ కంపు" అన్నాడు. నేను మాత్రం గుండెల నిండా పీల్చాను. మా అమ్మ చీర కొంగు ఎప్పుడూ ఆ వాసనే వేసేది. సబ్బు రుద్దినా పోయేది కాదు. పోనందుకు ఇప్పుడు సంతోషిస్తున్నాను.

మా నాన్న అప్పలనాయుడు ఎడ్ల మనిషి. ఉన్నది రెండెకరాల వరి, ఎకరం గోగు చేను. కానీ ఎవరు సంతకి ఎడ్లు కొనడానికి వెళ్ళినా నాన్నని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి, తోక పట్టి లాగి, నాలుగడుగులు నడిపించి, అప్పుడు తాపీగా ఒక మాట అనేవాడు. ఆ మాట మీద బేరం తెగేది. అందుకు ఆయనకి దక్కేది ఒక టీ, ఒక చుట్ట. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, హైకోర్టులో తీర్పు చెప్పి వచ్చినంత అలసటతో కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు అడిగేవాడు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వస్తున్నాయో అడిగిన పాపాన పోలేదు.

మా అమ్మ గౌరమ్మకి ఈ ఆలోచన ఇచ్చింది మా మేనమామ. ఆయన నెల్లిమర్ల జూట్ మిల్లులో పని చేసేవాడు. మిల్లు దగ్గర భోజనాల హోటల్లో రోజూ రెండు డబ్బాల మెతుకులు పారబోస్తున్నారనీ, పశువుల ఆసుపత్రిలో తెల్ల సీమ పంది పిల్లల్ని సగం ధరకే ఇస్తున్నారనీ చెప్పాడు. అమ్మ ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, వేలిముద్ర వేసి, ఒక సీమ మగపిల్లని గంపలో పెట్టుకుని తెచ్చింది. ఊరి చివర తాతల నాటి నుంచీ పందుల్నే మేపుకుని బతికే సన్యాసి అనే మనిషి దగ్గర రెండు నల్ల నాటు ఆడపందుల్ని కొంది. నాన్న ఆ సాయంత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

"ఒసే, రైతు కొంపలో పందులేటే? రేపట్నుంచి నలుగుర్లో నా తల ఎక్కడెట్టుకోను?"

"ఉన్న సోటే ఉంచు. నీ తలని నానేటీ అడగనేదు" అంది అమ్మ, పొయ్యి ఊదుతూనే. "నువ్వు ఎడ్ల పళ్ళు సూసుకుంటూ కూకో. నా పిల్లల పళ్ళు నాను సూసుకుంటాను."

నాన్న పౌరుషంతో మూడు రోజులు చిన్నాన్న ఇంట్లో తిన్నాడు. నాలుగో రోజు అక్కడ రెండోసారి అన్నం వడ్డించడం మానేశారు. అయిదో రోజు మా అరుగు మీదికి వచ్చేసి, పౌరుషం సంగతి ఎత్తకుండా కంచం ముందు కూర్చున్నాడు.

అసలు దెబ్బ తగిలింది నీళ్ళ దగ్గర. మాకూ చిన్నాన్నకీ కలిపి ఒకటే నుయ్యి. మా తాత తవ్వించినది. పందులు వచ్చిన వారానికి చిన్నాన్న చాలా మర్యాదగా మా గుమ్మంలోకి వచ్చి, "వదినా, ఏటీ అనుకోకు. పందుల్ని ముట్టుకున్న సేత్తో సేద ఎయ్యొద్దు. పిల్లలు తాగే నీళ్ళు" అన్నాడు. నాన్న పక్కనే ఉన్నాడు. సంతలో ఎవరి ఎద్దుకైనా తీర్పు చెప్పే మనిషి, ఆ పూట మాత్రం గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. ఏమీ అనుకోవద్దన్నాడు కాబట్టి అమ్మ ఏమీ అనుకోకుండా మర్నాటి నుంచి చంపావతికి నడిచింది. ఇసకలో చెలమ తవ్వి, చిప్పతో తోడి కడవలు నింపి, నెత్తిన ఒకటి చంకలో ఒకటి. పొద్దున్న మూడు తడవలు, సాయంత్రం మూడు తడవలు. మనుషులకి కాదు అంత నీళ్ళు, పందులకి. ఎండాకాలంలో పంది తాగే నీళ్ళు చూస్తే మోసేవాళ్ళకి కళ్ళు తిరుగుతాయి. నేను చిన్న బిందె పట్టుకుని వెనకే నడిచేదాన్ని. మెడ నొప్పని నేను ఏడిస్తే అమ్మ, "ఈ ఈత పిల్లలు అమ్ముడుపోనీ. మన దొడ్లోనే నుయ్యి తవ్వించీస్తాను. పద్దెనిమిది ఒరలు సాలట" అనేది. ఒర అంటే నూతిలో ఒకదాని మీద ఒకటి దింపే సిమెంటు చుట్టు. అమ్మకి రూపాయల లెక్క రాదు కానీ ఒరల లెక్క గట్టిగా వచ్చు. బాగా ఎదిగిన పంది రెండు ఒరలు. బక్కది ఒకటిన్నర.

ఇక ధర సంగతి. సీమ మగదానికీ నాటు ఆడదానికీ పుట్టిన పిల్లలు ఒక ఈతలోనే మూడు రంగులు. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి, కొన్ని మచ్చలవి. కొనడానికి కొత్తవలస నుంచి యోహాను వచ్చేవాడు. కిరండూల్ లైను పొడుగునా రైల్వే కూలీల కాలనీలకి మాంసం పంపేది ఆయనే. ఆయన దొడ్డి గోడ మీద చేతులు పెట్టి నిలబడి, కంటితోనే బరువు అంచనా వేసి ధర కట్టేవాడు. తెల్లది సీమ సరుకు, దానికో రేటు. నల్లది నాటు సరుకు, కేజీకి రెండు రూపాయలు తక్కువ. మచ్చలది అటూ కాదు ఇటూ కాదు, దానికి ఇంకా తక్కువ. పిల్లని చూడ్డానికి వచ్చి చామనఛాయ అని పెదవి విరిచి, ఇంట్లోవాళ్ళు పెట్టిన జంతికలన్నీ తినేసి వెళ్ళే పెద్దమనుషుల్ని తర్వాత చాలామందిని చూశాను. వాళ్ళందరికంటే యోహాను నయం. ఆయన జంతికలు తినలేదు.

"ఒక్క తల్లికి పుట్టినాయి. ఒక్క తొట్లో కుడితి తాగినాయి" అని అమ్మ నిలదీసింది. "తోలు మీద మచ్చుంటే లోపల మాంసం తరిగిపోద్దేటి?"

"నానూ అమ్ముకోవాల కదమ్మా. కొనుక్కున్నోలు రంగు సూస్తారు."

"తోలు ఒలిచీసేకే కదా నువ్వమ్మేది? ఏ రంగు సూస్తారు? మళ్ళీసారి కాటా అట్టుకుని రా. రంగుకి రేటు నేదు. కేజీకి ఒక్కటే రేటు. ఇష్టమైతే రా, నేకపోతే నీ రైలు నువ్వెక్కు."

యోహాను తల గోక్కున్నాడు, నవ్వాడు, చివరికి సరే అన్నాడు. మా చుట్టుపక్కల ఊళ్ళలో పందిని కాటా ఎక్కించి అమ్మడం అదే మొదటిసారి. ఆ కబురు రెండు రోజుల్లో ఊరంతా పాకింది.

కాటా అనేసరికి మా నాన్నలో మగతనం లేచి కూర్చుంది. అప్పటిదాకా దొడ్డి వైపు చూడని మనిషి, బరువులూ రేట్లూ అంటే మగవాళ్ళ వ్యవహారమని రోజూ రావడం మొదలుపెట్టాడు. మొదటి రోజు తువ్వాలు ముక్కు మీద ఉంది. మూడో రోజుకి భుజం మీదికి దిగింది. ఒకరోజు అలవాటు కొద్దీ ఒక పంది నోరు తెరిచి పళ్ళు చూడబోయాడు. అది ఆయన పంచె కొస నమిలి, నచ్చక వదిలేసింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం నేను చూశాను. మొత్తం ఎనిమిది పందులు అమ్మకానికి సిద్ధంగా ఉన్నాయి. కాటా రావడానికి ఇంకా మూడు రోజులుందనగా నాన్న తన బుర్రలోంచి అసలు విద్య బయటికి తీశాడు.

సంతకి ఎడ్లని తోలేముందు చేసే పని అది. రెండు రోజులు కుడితిలో ఉప్పు దండిగా వేస్తారు. నీళ్ళు మాత్రం పెట్టరు. సంత మొదట్లో చెరువు కనిపించగానే ఎద్దు డొక్కలు నిండేదాకా తాగుతుంది. డొక్క నిండిన ఎద్దు పుష్టిగా కనిపిస్తుంది, రేటు పలుకుతుంది. అందరూ చేసేదే, అందరికీ తెలిసిందే.

"ఎద్దుకే పొట్టుందేటి, పందికి నేదేటి?" అన్నాడు నాన్న. "ఒక్కోటి నాలుగైదు కేజీలు నీళ్ళే తూగుతాది. ఎనిమిదికీ కలిపి లెక్కెయ్, నీకు ఇంకో పంది వచ్చినట్టే."

"సన్యాసిని ఓ మాట అడుగుదుమా?" అంది అమ్మ.

"ఆడినేటే అడిగేది? ఎడ్లని సూసినోడికి పంది ఒక లెక్కా!"

అమ్మ ఒప్పుకుంది. ఇది దాచి, తప్పంతా నాన్న మీదికి నెట్టేస్తే కథ చాలా బాగుంటుంది. కానీ అమ్మ ఒప్పుకుంది. ఇంకో పంది అంటే ఇంకో రెండు ఒరలు. అదీకాక కాటాకి ముందు రోజు, పందులకి నీళ్ళు పెట్టని ఆ రోజు, అమ్మ నదికి ఒక్క తడవే వెళ్ళింది. మధ్యాహ్నం ఎన్నాళ్ళకో గోడకి చేరబడి కాళ్ళు చాపుకుంది. కల్లుప్పు కుడితిలో వేసి కలిపింది ఎవరో కాదు, నేను. చెయ్యి మీద గీరుకున్న చోట చుర్రుమంటుంటే కూడా అడుగుదాకా కలిపాను. నాన్న పక్కన నిలబడి "ఇంకో దోసెడు ఎయ్ గుంటా, ఏటి నీ బాబు సొమ్మా?" అన్నాడు. నిజానికి బాబు సొమ్మే. సాయంత్రానికి పందులు ఖాళీ తొట్టెని మూతులతో కొట్టడం మొదలుపెట్టాయి. అమ్మ రెండుసార్లు కడవ ఎత్తుకుని లేచింది. రెండుసార్లూ నాన్న "ఒక్క పూట ఓర్చుకో" అన్నాడు. ఓర్చుకోవలసింది ఆయన కాదు కదా, సలహా సులువుగానే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అమ్మా నేనూ ఆరు తడవలు మోసుకొచ్చి తొట్టె నింపాం. అవి తాగిన తీరు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, చెవులు కూడా ముంచేసి తాగాయి. నాన్న మురిసిపోయాడు. "సూడవే, ఎలగ తాగతన్నాయో! పొట్టలు సూడు!" కాసేపటికి యోహాను, ఇద్దరు మనుషుల చేత కాటా మోయించుకుని వచ్చాడు. దుంగలు నిలబెట్టి కాటా వేలాడగట్టారు. చూడ్డానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారు. మా చిన్నాన్న ముందు వరసలోనే ఉన్నాడు. ఆ రోజు తువ్వాలు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

మొదట మచ్చల పందిని ఎక్కించారు. ఎనభై కేజీలు దాటింది. నాన్న మీసం మీద చెయ్యి వేశాడు. రెండోది ఇంకా ఎక్కువ తూగింది. మూడోదాన్ని పట్టుకుందామని అమ్మ దొడ్లోకి వెళ్ళింది. అది కదలకుండా నిలబడింది. తర్వాత వెనక్కి వెనక్కి నడిచింది. గోడకి గుద్దుకుని మళ్ళీ గుద్దుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఏమీ కనబడుతున్నట్టు లేదు. కుక్కలా కూలబడి, పక్కకి ఒరిగి, కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నోట్లోంచి నురగ. దాని పక్కనున్న తెల్లది కూడా తూలుతోంది. యోహాను అటు తిరిగి తన మనుషులతో కలిసి తాళ్ళు సర్దుతున్నాడు, ఇంకా చూడలేదు.

నాన్న గోడ మీంచి వంగి గొంతు తగ్గించాడు. "ఎండకి తల తిరిగింది అంతే. బాగున్నాటిని ముందు కాటా ఎక్కించీ. సొమ్ము సేతిలో పడ్డాక ఆడి గొడవ ఆడిది."

అమ్మ దొడ్డి మూలకి చూసింది. నుయ్యి తవ్వించాలనుకున్న చోటది. అక్కడ నాలుగు ఒరలు అప్పటికే తెప్పించి బోర్లించి ఉన్నాయి, యోహాను డబ్బిస్తే మిగతావి తెప్పించడమే తరువాయి. ఎంతసేపు చూసిందో చెప్పలేను, నాకు మాత్రం చాలాసేపు అనిపించింది. తర్వాత బయటికి వచ్చి అందరికీ వినబడేలా చెప్పింది.

"యోహానూ, కాటా దింపీ. ఇయి ఉప్పు కుడితి తాగినాయి. నిన్నంతా నీళ్ళు పెట్టనేదు, ఇప్పుడు పట్టించినాం. నువ్వు సూసిన బరువు నీళ్ళది. నానే సేసినాను."

నానే, అంది. నాన్న మా ఇంటి కప్పు మీద తాటాకుల్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ నిలబడ్డాడు.

"ఓలమ్మ! ఉప్పేటమ్మా? పందికి ఉప్పెట్టి నీళ్ళాపితే అది ఇషం కదేటి!" అని యోహాను తాడు వదిలేశాడు. "సన్యాసిని పిలండి ముందు!"

సన్యాసి పరుగెత్తుకొచ్చాడు. వస్తూనే తొట్టెలో మిగిలిన నీళ్ళు ఒలకబోశాడు. పందుల్ని నీడలోకి లాగించి, తడి గోనెలు కప్పించి, దోసిలితో కొంచెం కొంచెం, ఆగి ఆగి నీళ్ళు పట్టించాడు. తిట్టలేదు. "నన్నొక్క మాట అడిగుంటే బాగుణ్ణు కదమ్మా" అన్నాడు, అంతే. తిడితేనే బాగుండేది. సాయంత్రానికి మూడు చచ్చిపోయాయి. అయిదు దక్కాయి. యోహాను ఖాళీ కాటా మోయించుకుని రైలెక్కాడు. చిన్నాన్న వెళుతూ వెళుతూ, "నాను ముందే అనుకున్నాను వదినా, మనకి కలిసొచ్చే పని కాదని" అన్నాడు. ముందే అనుకునేవాళ్ళు మా వంశంలో ఎప్పుడూ ఉన్నారు.

ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. పోయిన ఒరల గురించి ఏడుస్తోందనుకుని నేను, "మళ్ళీ ఈనతాయి కదమ్మా" అన్నాను. "అది కాదే. దాహమని తొట్టె కొట్టినాయి. కడవ నా సేతిలోనే ఉన్నాది. ఇవ్వనేదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ఉప్పు కలిపిన చెయ్యి నాది. నేనూ ఏడ్చాను. నాన్న అరుగు మీద చుట్ట వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించాడు. మర్నాటి నుంచి కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళడగడం మానేశాడు. తానే చెలమకి వెళ్ళి అక్కడే కడుక్కుని వచ్చేవాడు. క్షమాపణ అనేది ఆయనకి అంతవరకే తెలుసు.

నెల తర్వాత యోహాను మళ్ళీ కాటాతో వచ్చాడు. "నీళ్ళు తాగినాయా అమ్మా?" అని అడిగాడు. "ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగతన్నాయి. నీకనుమానమైతే రెండేసి కేజీలు తీసీ" అంది అమ్మ. అంత నిజాయితీపరురాలి మాటకి కరిగిపోయి వద్దమ్మా అన్నాడని రాయాలని నాకూ ఉంది. అనలేదు. రెండేసి కేజీలూ తీసేశాడు, వ్యాపారస్తుడు మరి. కానీ తెల్లదానికీ నల్లదానికీ మచ్చలదానికీ ఒక్కటే రేటు కట్టాడు. అయిదు పందులకీ వచ్చినవి తొమ్మిది ఒరలు. మిగతా అయిదింటి కోసం అమ్మ ఇంకో ఏడాది చంపావతికి నడిచింది.

ఆ మరుసటి వేసవిలో నుయ్యి పూర్తయింది. నీళ్ళు పడిన రోజు చిన్నాన్నతో సహా అందరూ వచ్చారు. నూతి చుట్టూ పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. అమ్మ చేద వేసి మొదటి కడవ నింపింది. అందరూ దేవుడి గూటి వైపు దారి ఇచ్చారు. అమ్మ ఆ కడవ తీసుకెళ్ళి పందుల తొట్లో పోసేసింది.

"అదేటి వదినా! ముందు దేవుడికి కదా?" అన్నాడు చిన్నాన్న.

"దేవుడికి దాహమేస్తే అడుగుతాడు" అంది అమ్మ. "ఇయి అడిగినా నాను ఇవ్వనేదు."

ఆ ఎండల్లోనే చిన్నాన్న వాళ్ళ నుయ్యి అడుగంటితే వాళ్ళు కడవలు పట్టుకుని మా దొడ్లోకే వచ్చారు. పందుల తొట్టె పక్కనుంచే రావాలి, వేరే దారి లేదు. అమ్మ ఏమీ అనుకోకుండా చేద వాళ్ళ చేతికి ఇచ్చింది.

రవి ఫారం ప్రారంభోత్సవం బాగానే జరిగింది. తొంభైకి దగ్గరపడిన చిన్నాన్నకి మైకు ఇచ్చారు. "ఆ రోజుల్లో మా వదినకి నానే ధైర్నం సెప్పి ఈ పని సేయించినాను" అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అంత ముసలాయన అంత పచ్చి అబద్ధం తడబడకుండా చెప్పడం మామూలు విషయం కాదు. రిబ్బను కత్తిరించాక రవి నాకు షెడ్డంతా చూపించాడు. రేట్లు రోజూ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో వస్తాయట. లారీలు అస్సాం దాకా వెళతాయట. రంగు ఎవరూ అడగరట. వాడు బరువు, రేటు, లాభం అని చెప్పుకుపోతున్నాడు. నేను ఊఁ కొడుతూ చివరి గది దగ్గర ఆగాను.

గోడ పొడుగునా గొట్టం, గొట్టానికి మూరకొకటి చొప్పున చిన్న ఇత్తడి మొనలు. "ఇయ్యేటిరా?" అని అడిగాను.

"మూతితో నొక్కితే నీళ్ళొస్తాయత్తా. పగలు గానీ రాత్రి గానీ, ఆటికి ఎప్పుడు దాహమేస్తే అప్పుడే. మనమేటీ పెట్టక్కర్నేదు."

ఒక మచ్చల పంది లేచి వచ్చింది. మొన నోట్లో పెట్టుకుని నొక్కింది. నీళ్ళు వచ్చాయి. కొంచెం తాగి, కొంచెం కారబోసి, వెళ్ళబోయి, మళ్ళీ వచ్చి నొక్కింది. మళ్ళీ వచ్చాయి. ఎవరూ ఏమీ మొయ్యలేదు. అది ఎవర్నీ ఏమీ అడగలేదు. నాకు ఆపుకోలేనంత ఏడుపొచ్చింది.

రవి కంగారుపడ్డాడు. "వాసనకా అత్తా? మాస్కు ఇమ్మంటావా? బయటికెల్లిపోదాం రా."

"ఒద్దురా, నువ్వెల్లు" అన్నాను. "అది తాగడం అయ్యాక వస్తాను."